మందహాసుడి ఆతిథ్యం

ముత్యాల వర్తకుడు ముక్తాగుప్తుడి వేషంలో, మూతికి జిగురుతో అంటించిన మీసంతో, అన్నగారిని వెతుక్కుంటూ కేళీద్వీపానికి వచ్చిన రాకుమారి విద్యుల్లత ఆ పొద్దుటితో మూడోసారి సముద్రంలోంచి అదే ఒడ్డుకు తిరిగివచ్చింది.

మొదటిసారి ఈదుకుంటూ వెళ్ళింది. రెండోసారి తెప్ప కట్టుకుని వెళ్ళింది. ఈసారి ఏకంగా ఒక పడవనే దొంగిలించి, తెరచాప ఎత్తి, దీవికి వీపు చూపించి, ఉదయిస్తున్న సూర్యుడికేసి తిన్నగా నడిపించింది. నడిపించగా నడిపించగా ఎదురుగా నేల కనిపించింది. తమ మణిశృంగపురపు రేవేననుకుని ఆమెకు ప్రాణం లేచివచ్చింది. తీరా దగ్గరికి వెళ్ళి చూస్తే అదే తెల్లటి ఇసుక, అదే పచ్చటి కొండ, కొండమీద తలుపులు మూసి ఉన్న అదే చిన్న గుడి. రేవులో అదే మనిషి. అతని చేతిలో అదే కొబ్బరిబోండాం.

"అలసిపోయినట్టున్నారు. కొబ్బరినీళ్ళు తాగుతారా?" అన్నాడు మందహాసుడు.

ఈ మందహాసుడే దీవికి యజమాని. మాంత్రికుడంటే జడలు కట్టిన జుట్టు, నిప్పుకళ్ళు, మెడలో పుర్రెల దండ అనుకునేవాళ్ళు ఇతన్ని చూస్తే పప్పులో కాలేసినట్టే. మల్లెపూవులాంటి పంచె, భుజాన జరీ ఉత్తరీయం, నుదుట గంధం, పెళ్ళిపందిరి ముందు నిలబడి చుట్టాలను లోపలికి పిలిచే పెద్దమనిషి వాలకం. పెదవుల మీద చిరునవ్వు. ఆ నవ్వు తింటున్నా చెదరదు, నిద్రపోతున్నా చెదరదు. నోరు అంత చక్కగా నవ్వుతున్నా కళ్ళు మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఉప్పుగాలి పడదు కాబోలని విద్యుల్లత అనుకుంది.

గృహస్థు చేతికి ఇచ్చింది కాదనడం మర్యాద కాదు కనుక, పళ్ళు కొరుక్కుంటూనే ఆ బోండాం అందుకుని తాగింది. దీవి నీళ్ళు అమృతంలా ఉండడం ఆమెకు మరింత ఒళ్ళు మండించింది.

ఆ దీవి అందం చెప్పుకోకపోతే కథకుడి నోరు ఊరుకోదు. ఒడ్డున పాలనురగలాంటి ఇసుక, దానిని ఆనుకుని నెమలికంఠం రంగు నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున పగడాల తోటలు, తోటల మధ్య పసుపుచీరలు కట్టుకున్నట్టు తిరిగే చేపల గుంపులు. తీరమంతటా కొబ్బరిచెట్లు. అవి నిటారుగా ఉండవు. ప్రతి చెట్టూ నడుం వంచి, తల చాచి, సముద్రంకేసి వాలి ఉంటుంది. అతిథులకు పొద్దస్తమానం వినోదమే. మునకలేసి గవ్వలు ఏరడం, తాబేళ్ళ మీద సవారీ, తెప్పల పందేలు, అరటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేపలు, వాలిన కొబ్బరిచెట్లకు కట్టిన ఊయలలు. ఇవన్నీ ఒక ఎత్తు, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి దీవి చుట్టూ తిప్పే పీతబండ్ల విహారం ఒక ఎత్తు.

పీతబండి అంటే నవ్వులాట కాదు. ఒక్కొక్క పీత గున్నఏనుగంత ఉంటుంది. దాని డిప్ప మీద మెత్తటి పీట బిగించి, పైన ఈతాకుల గొడుగు పెడతారు. పీత కనుక అది ముందుకు నడవదు, పక్కకే నడుస్తుంది. బండివాడు వెదురుబద్దతో కుడివైపు డిప్ప మీద తడితే చాలు, ఎడమకు పరుగెత్తి, దీవిని కుడిచేతి పక్కన ఉంచుకుని ఒక చుట్టు తిరిగి వస్తుంది. చుట్టు పూర్తయ్యాక అతిథులు దిగి, కొండమీది గుడికేసి తిరిగి చేతులు జోడించి, ఫలహారాలకు పోతారు.

ఆ అతిథుల్లో అందరికన్నా హుషారైనవాడు విద్యుల్లత అన్న జయభద్రుడు. యుద్ధంలో తగిలిన గాయం మానేదాకా నాలుగు రోజులు గాలి మార్పు కోసమని వచ్చిన యువరాజు, ఆరు నెలలైనా ఇంటి మొహం చూడలేదు. అక్కడ మణిశృంగపురంలో తండ్రి మంచం పట్టాడు. మందులు మింగడం మానేసి, కొడుకును ఒక్కసారి చూపించండర్రా అని గుమ్మంకేసే చూస్తున్నాడు. ఈ సంగతి చెబుదామని విద్యుల్లత వస్తే, అన్న చెల్లెలిని గుర్తే పట్టలేదు. మీసం వల్ల అనుకుని చాటుకు తీసుకువెళ్ళి, మీసం ఊడబెరికి చూపించి, నాన్నగారి సంగతి చెప్పినా "బాగుందయ్యా నీ వేషం, ఇవాళ రాత్రి నాటకం ఉందా?" అన్నాడు. అతను కదలనంటున్నాడు కనుక సైన్యాన్ని తెచ్చి, కాళ్ళూ చేతులూ కట్టేసైనా తీసుకుపోదామని ఆమె మూడుసార్లు బయల్దేరింది. బయల్దేరిన ప్రతిసారీ కొండెక్కి ఆ గుడి చుట్టూ భక్తిగా ప్రదక్షిణం చేసి మరీ వెళ్ళింది. పొలిమేర దాటేముందు ఆ ఊరి దేవత చుట్టూ తిరగకుండా మణిశృంగపురంలో గాడిద కూడా కదలదు మరి.

బోండాం పారేసి విద్యుల్లత ఇసుకలో కూలబడిందో లేదో, ఉదయపు విహారం ముగించుకుని పీతబండ్లు వచ్చి ఆగాయి. మొదటి బండిలోంచి వసుభూతి శెట్టి ఆయాసపడుతూ దిగాడు. బొజ్జా నోరూ రెండూ పెద్దవే అయిన సుగంధద్రవ్యాల వర్తకుడు.

"ఏం బాబూ ముక్తాగుప్తా! మళ్ళీ ఈతకు పోయావా? మాతోపాటు తాబేలు సవారీకి రా. జన్మానికో శివరాత్రిలా దొరికిన భాగ్యం, ఇంత ముఖం వేలాడేసుకుంటావేమిటి?" అన్నాడు.

"శెట్టిగారూ, మీ మడమకు ఆ పీచేమిటి? నిన్న బెత్తెడే ఉంది, ఇవాళ నేలకు అంటుతోంది" అంది విద్యుల్లత.

"ఆఁ, ఇసుకలో తిరుగుతాం కదా, ఏదో అంటుకుంటుంది" అని శెట్టి కొండకేసి తిరిగి చేతులు జోడించాడు. జోడించిన చేతులు మళ్ళీ విడిపోలేదు. "అబ్బా, కాలు రావడం లేదేమిటి బాబూ" అన్నాడు. మడమల పీచు పామల్లే ఇసుకలోకి దూరింది. బొజ్జ సన్నబడింది. మెడ సాగింది. చర్మం మీద గణుపులు గణుపులుగా బెరడు పైకి పాకింది. విద్యుల్లత అతని నడుం పట్టుకుని లాగేసరికి ఆమె చేతుల్లో ఉన్నది కొబ్బరిమాను. దాని తల చరచరా పైకి లేచి, మట్టలు విప్పుకుని, మెల్లగా సముద్రంకేసి వాలిపోయింది.

ఆమె గొంతు చించుకుని కేక పెట్టింది. ఒక్క అతిథి కూడా తిరిగి చూడలేదు. "ఇక్కడ కొత్త చెట్టు వేశారే!" అని ఎవరో మురిసిపోయి, అప్పుడే దానికి ఊయల కట్టేశారు. మందహాసుడు రాగిచెంబుతో వచ్చి దాని మొదట్లో నీళ్ళు పోశాడు.

అప్పుడు విద్యుల్లత తీరం చుట్టూ ఉన్న చెట్లన్నిటినీ కొత్తగా చూసింది. అన్నీ సముద్రం అవతలి తమ ఇళ్ళకేసే వాలి ఉన్నాయి. పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఊయలలో పడుకుని ఈల వేస్తున్న అన్న పాదాలు పట్టుకుని తిప్పి చూసింది. రెండు మడమలకూ ఎర్రటి పీచు. సరిగ్గా నిన్న శెట్టికి ఉన్నంత.

అంటే సాయంత్రపు చుట్టుతో జయభద్రుడి కథ ముగిసినట్టే.

ఆ రోజంతా ఆమె చేయని ప్రయత్నం లేదు. అన్న తినే చేపలో కారం కుమ్మరించింది, కడుపునొప్పి వచ్చి పడుకుంటాడని. అతను కన్నీళ్ళు కారుస్తూనే బాగుందని ఇంకోటి తిన్నాడు. బండి పీట తాళ్ళు కోసేసింది. నిమిషంలో వేరే బండి వచ్చింది. చివరికి అతని కాళ్ళు చుట్టేసుకుని "బండెక్కొద్దు" అని ఏడిస్తే, "ఈ ముత్యాల కుర్రవాడికి ఒంటరిగా తిరగాలంటే భయం పాపం" అని జాలిపడి, రెక్క పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వెదురుబద్ద డిప్ప మీద పడింది. పీత కదిలింది.

నీరెండలో సముద్రం కరిగిన బంగారంలా ఉంది. జయభద్రుడు పాట ఎత్తుకున్నాడు. అతని మడమల పీచు పీట అంచు దిగి గాలికి ఊగుతోంది. సగం దీవి దాటారు. ముప్పాతిక దాటారు. ఇంతలో దారిపక్క చెట్టు మీదనుంచి పండిన కొబ్బరికాయ ఒకటి ధనామని పీత ముందర పడింది.

పీత బెదిరిపోయింది. దాని జన్మలో మొదటిసారి, ఎడమకు పోవలసింది కుడికి పారిపోయింది. బండివాడు తలకిందులుగా ఇసుకలో పడ్డాడు. వచ్చిన దారినే బండి వెనక్కు దూసుకుపోతూ ఉంటే జయభద్రుడి పాట ఆగింది. అతను రెండుసార్లు కళ్ళు ఆర్పి, పక్కనున్న ముఖంలోకి వింతగా చూశాడు.

"విద్యా? ఈ మీసమేమిటే? నాన్నగారు ఎలా ఉన్నారు?"

ఆరు నెలల తర్వాత అన్న నోట తన పేరు విని విద్యుల్లతకు దుఃఖం ముంచుకొచ్చింది. అతని పీచు నాలుగైదు పోగులు రాలి ఆమె ఒడిలో పడ్డాయి. అంతలో బండివాడు లేచి వచ్చి, పీతను ఆపి, మళ్ళీ కుడి డిప్ప మీద తట్టాడు. బండి మామూలు దారిన పడింది. జయభద్రుడి కళ్ళలో వెలుగు ఆరిపోయింది. "ఏ చరణం దగ్గర ఆపానబ్బా?" అంటూ మళ్ళీ పాట అందుకున్నాడు.

విద్యుల్లత ఒడిలోని పోగుల్ని పిడికిట బిగించింది. ఇప్పుడు అర్థమైంది. ఇది విహారం కాదు, ప్రదక్షిణం. కొండమీది గుడిని కుడిపక్కన పెట్టుకుని తిరిగిన ప్రతి చుట్టూ ఒక పోగై మనిషిని దీవికి కట్టేస్తోంది. తాను మూడుసార్లు మొక్కుకుని మరీ తిరిగి, తన కాళ్ళకు తానే బంధం వేసుకుంది. విడిపించుకునే దారి ఒక్కటే. ఎడమగా తిరగాలి.

కానీ ఆమె చెయ్యి లేవలేదు. గుడి చుట్టూ ఎడమగా ఎవరైనా తిరుగుతారా? పుట్టి బుద్ధెరిగిన మనిషి అలా తిరిగేది పాడె దగ్గరే, చావు దగ్గరే. అక్కడ తండ్రి ఊపిరి గుమ్మంలో వేలాడుతోంది. ఇక్కడ కూతురు అప్రదక్షిణం చెయ్యడమా? మందహాసుడు ఇన్నేళ్ళూ ఏ కావలీ లేకుండా నిశ్చింతగా నవ్వుతున్నది ఈ ధీమాతోనే. ఏ అతిథీ ఆ పని చెయ్యడు.

రేవు కనిపించింది. చుట్టు పూర్తికావడానికి ఇంక కొద్దిపాటి దూరమే ఉంది. జయభద్రుడి మడమల పీచు సాగి నేలను వెతుక్కుంటోంది.

"నాన్నగారూ, క్షమించండి" అని బండివాడిని ఒక్క తోపు తోసి, వెదురుబద్ద లాక్కుని, విద్యుల్లత ఎడమ డిప్ప మీద శక్తికొద్దీ కొట్టింది.

పీత గింగిరాలు తిరిగి కుడికి పట్టింది. తీరం చుట్టూ ఎడమగా తిరుగుదామంటే అన్న చుట్లు వందల్లో ఉంటాయి, తెల్లారిపోతుంది. చుట్టు ఎంత చిన్నదైతే అంత మేలనుకుని, బండిని కొండదారి పట్టించింది. గుడి గోడను రాసుకుంటూ తిరిగితే ఒక్కో చుట్టు ఎంతలో పని!

దీవి మేలుకుంది. దారికి రెండు పక్కలా పరిచారికలు బారులు తీరి నిలబడి, "దయచెయ్యండి, దయచెయ్యండి" అంటూ పూలదండలు విసిరారు. పడిన దండ పడినట్టు మెడకు బిగుసుకుంది. విద్యుల్లత మొలలోని బాకు తీసి తన దండా అన్న దండా తెగకోసింది. పన్నీరు చల్లారు, దారంతా జారుడైంది. పీత ఎనిమిది కాళ్ళూ నేలలో గుచ్చి పాకింది. మలుపు దగ్గర అరటాకుల్లో పంచభక్ష్యాలు వడ్డించి మందహాసుడే నిలబడి ఉన్నాడు.

"వడ్డించిన విస్తళ్ళ ముందునుంచి లేచిపోతారా? ఎంత తప్పు!" అన్నాడు నవ్వుతూ.

"మా ఇంట్లో తింటాం, దారి తప్పుకో" అని ఆమె బండిని విస్తళ్ళ మీదుగానే పోనిచ్చింది. పులిహోర గాలిలోకి లేచింది.

"అమ్మాయీ!" అతని గొంతు వెనకనుంచి తరుముకొచ్చింది. మారువేషం సంగతి మొదటినుంచీ తెలిసినట్టే ఉంది మహానుభావుడికి. "తండ్రి మంచంలో ఉండగా ఎడమగా తిరుగుతావా? వద్దు తల్లీ, నా మాట విను, వద్దు!"

ఆ మాట ఆమె గుండెలో ములుకులా దిగింది. అయినా బద్ద ఆగలేదు.

గుడి వచ్చింది. పీత గుడిని చుట్టుకుని ఎడమగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చేత్తో అన్న నడుం పట్టుకుని, రెండో చేత్తో బద్ద ఆడిస్తూ విద్యుల్లత పీట మీద నిలబడే ఉంది. చుట్టుకో పోగు చొప్పున పీచు రాలుతోంది. గుడీ కొండా సముద్రమూ కలగలిసి గిర్రున తిరుగుతున్నాయి. తలపాగా ఎగిరిపోయింది. మీసం ఎప్పుడో పోయింది. జయభద్రుడు మొదట నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు, తర్వాత "నా కత్తేది?" అన్నాడు, తర్వాత "విద్యా!" అని కేక పెట్టాడు. పట్టు వదిలితే మళ్ళీ మరిచిపోతాడేమోనని ఆమె ఇంకా గట్టిగా పట్టుకుని తిప్పింది, తిప్పింది, అతని మడమలు పసిపిల్లవాడి మడమల్లా నున్నగా అయ్యేదాకా తిప్పింది.

ఆఖరి పోగు రాలగానే పీత చతికిలబడింది. గుడి తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి.

లోపల దేవుడు లేడు, దేవతా లేదు. ఒక చెక్క పీట, దాని పక్కన అప్పుడే చెక్కి ఉంచిన కొబ్బరిబోండాం మాత్రం ఉన్నాయి.

"నాన్నగారికి బాగాలేదన్నావు కదూ? ఇక్కడ నిలబడతావేమిటి, పద చెల్లీ!" జయభద్రుడు పీత మీదనుంచి దూకి రేవుకేసి నాలుగడుగులు పరుగెత్తాడు. కింద రేవులో పడవ ఒకటి తాడు తెంచుకోవాలన్నట్టు అల్లాడుతోంది. నీళ్ళమీద ఇన్నాళ్ళూ లేని దూరపు తీరం గీతలా కనిపిస్తోంది.

విద్యుల్లత కిందికి దిగింది. అన్న వెంట పరుగెత్తబోయింది. కాళ్ళు ఆమెను గుడి గుమ్మంలోకి తీసుకుపోయాయి.

వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. తిరిగి చూస్తే మందహాసుడు. అతని ముఖంలో నవ్వు లేదు. నవ్వు పోయిన ఆ ముఖం అలిసిపోయిన ఒక మామూలు ముసలివాడి ముఖం.

"మీ అన్నవి వందల చుట్లు తల్లీ. నీవి గుప్పెడే" అన్నాడు కన్నీళ్ళు తుడుచుకుంటూ. "నీవి మొదట్లోనే విడిపోయాయి. ఆ తర్వాత తిరిగినవన్నీ నిన్ను అటుపక్కనుంచి చుట్టుకున్నాయి. కుడిగా చుట్టుకున్నవాళ్ళు అతిథులవుతారు. ఎడమగా చుట్టుకున్నవాళ్ళు..." అని పీటకేసి చూసి ఆగిపోయాడు. "వద్దన్నాను కదమ్మా. నేనూ మా తమ్ముడి కోసమే తిరిగాను."

అతను జరీ ఉత్తరీయం తీసి గుమ్మం మీద పెట్టి, బడి వదిలిన పిల్లవాడిలా కొండ దిగి పడవకేసి పరుగు తీశాడు.

జయభద్రుడు మలుపు దగ్గరనుంచి వెనక్కు వచ్చాడు. "విద్యా! రావేం? నాన్నగారు ఎదురు చూస్తుంటారు!"

పరుగెత్తు అన్నయ్యా, నా కోసం ఆగకు అని చెబుదామని ఆమె నోరు తెరిచింది. పెదవులు తమంతట తామే రెండు పక్కలకూ సాగాయి. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. చెయ్యి వెనక్కు వెళ్ళి బోండాం అందుకుంది.

"అలసిపోయినట్టున్నారు" అంది విద్యుల్లత చిరునవ్వుతో. "కొబ్బరినీళ్ళు తాగుతారా?"